ఎలుక ఎలా బతికిందో కూడా అడగండి: జంతు ప్రయోగాల నైతిక కమిటీలకు ఒక బహిరంగ లేఖ

జంతు ప్రయోగాలకు అనుమతులిచ్చే నైతిక కమిటీల సభ్యులందరికీ నమస్కారం.

నేను మీ ముందుకు చాలాసార్లు వచ్చినదాన్నే. పేగువాపు జబ్బుల మీద, పేగుల్లో రోగనిరోధక కణాలు చేసే పని మీద పదకొండేళ్ళు ఎలుకలతో పనిచేశాను. మీ ఫారాలు నింపాను, మీరడిగిన సవరణలు చేశాను, మీ సంతకం పడ్డాకే ఎలుకలు తెప్పించాను. ఆ ఫారాల్లో మీరడిగేవి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఎన్ని జంతువులు, ఏ జాతి, ఏ మందు, ఎంత మోతాదు, నొప్పి తగ్గడానికి ఏమిస్తారు, చివర్లో ఎలా చంపుతారు. అన్నీ అడగాల్సినవే, ఒక్కటి కూడా తీసేయమని నేననను. కానీ రెండు ప్రశ్నలు మాత్రం ఇన్నేళ్ళలో నన్నెవరూ ఒక్కసారి కూడా అడగలేదు. ఈ ఎలుక నీ చేతికి రాకముందూ వచ్చాకా ఎలా బతికింది? నువ్వు దీనికి తెప్పించబోయే జబ్బు, మనిషికొచ్చే జబ్బులో ఏ ముక్కకి సరిపోతుంది, ఏ ముక్కకి సరిపోదు?

ఈ రెండూ అడగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట. జంతువుల మీద ప్రయోగాలన్నీ ఆపేయాలని నేను రాయడం లేదు, అలా రాస్తే అబద్ధమాడినట్టే. డిఫ్తీరియాకి విరుగుడు సీరం గినీపిగ్‌ల మీద చేసిన పని నుంచే వచ్చింది. బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషాన్ని మన శరీరం ఎలా గుర్తుపడుతుందో 1998లో తేలింది, ఆ విషానికి చలించని ఒక ఎలుక జాతిలో పాడైన జన్యువేదో వెతుక్కుంటూ పోతే దొరికింది అది. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయే మనుషులకి ఈరోజు ఒంట్లో మంట (వాపు) పుట్టించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయంటే, 1990ల మొదట్లో కీళ్ళు వాచిన ఎలుకల్లో అదే ప్రయత్నం చేసి చూసినందువల్ల కూడా. వీటి విలువ నాకు తెలుసు. తెలుసు కాబట్టే వృథాగా పోయినవాటి గురించి ఇంత బాధ.

నా సంగతి చెప్తాను. పేగువాపు తెప్పించడానికి మేము ఎక్కువగా వాడేది డీఎస్ఎస్ అనే పొడి. దాన్ని తాగే నీళ్ళలో కలిపి ఐదారు రోజులు పెడతాం. మొదటి రెండు రోజులు ఎలుకలో ఏ తేడా కనిపించదు. మూడో రోజో నాలుగో రోజో మలం మెత్తబడుతుంది. ఐదో రోజు పొద్దున్నే కేజ్ తీసేసరికి బెడ్డింగ్‌లో ఎర్రటి మరకలుంటాయి, ఎలుక వీపు వంచుకుని ఒక మూల కూర్చుని ఉంటుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉంటాయి, చెయ్యి పెడితే పరిగెత్తదు. రోజూ ఒక్కొక్కదాన్నీ తూకం వేసి రాసుకోవాలి. మొదట్లో ఉన్న బరువులో ఇరవై శాతం తగ్గితే ప్రయోగం నుంచి తప్పించి, ఇంకా బాధపడకుండా చంపేయాలి. ఆ గీత మీరు గీసిందే, మంచి గీత.

మా ప్రశ్న ఒక జన్యువు గురించి. ఆ జన్యువు తీసేసిన ఎలుకలకి పేగువాపు చాలా తక్కువగా వచ్చింది, అంత స్పష్టమైన తేడా నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ చేశాం, మళ్ళీ అదే వచ్చింది. ల్యాబ్ అంతా పండగలా ఉంది. తర్వాత ఎందుకో నాకు మనసులో ఒక అనుమానం మొదలైంది, ఎందుకంటే జన్యువు తీసేసిన ఎలుకలు మా దగ్గరే తరతరాలుగా పుట్టి పెరిగినవి, పోల్చడానికి వాడిన మామూలు ఎలుకలు మాత్రం బయట నుంచి కొన్నవి. సరే అని ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో జన్యువు ఉన్నవాటినీ లేనివాటినీ పక్కపక్కన పెట్టి చేశాను. తేడా పోయింది. ఇంకో బ్యాచ్ చేశాను, లేదు. మూడో బ్యాచ్ కూడా చేశాను, లేదు. ఇన్నాళ్ళూ మేము చూసింది జన్యువు పని కాదు, రెండు గుంపుల పేగుల్లో ఉన్న సూక్ష్మజీవుల తేడా. ఆ మూడు బ్యాచుల సంగతి చెప్తే, అప్పటి మా ల్యాబ్ పెద్దాయన "అది పక్కన పెట్టు, వేరే కోణంలో చూద్దాం" అన్నారు. పక్కన పెట్టాను. ఆ రోజు గట్టిగా అడగనందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. పేగుల్లోని టీహెచ్17 అనే ఒక రకం రోగనిరోధక కణాల సంగతి చూడండి. పేరుకి ఒకటే జాతి ఎలుకలు, కానీ ఒక సరఫరాదారు ఎలుకల పేగుల్లో ఈ కణాలు దండిగా ఉన్నాయి, ఇంకొకరి ఎలుకల్లో దాదాపు లేవు. పేగు గోడకి అంటుకుని బతికే దారంలాంటి ఒక బ్యాక్టీరియా ఒకచోట ఉండటం, ఇంకోచోట లేకపోవడం వల్లే ఈ తేడా అని 2009లో బయటపడింది. పైగా ఎలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, అంటే ఒక కేజ్‌లో ఉన్న ఐదు ఎలుకలూ ఒకే పేగు పంచుకున్నట్టు. ఒక గుంపు అంతా ఒక కేజ్‌లో, రెండో గుంపు అంతా ఇంకో కేజ్‌లో పెట్టి ఐదూ ఐదూ పది అని లెక్కేస్తే, నిజానికి అక్కడ ఉన్నది పది కాదు, రెండు. ఇది మీ ఫారంలో ఎక్కడా కనిపించదు.

ఇంకో ముఖ్యమైన సంగతి శుభ్రత. మన ల్యాబ్ ఎలుకలు వడపోసిన గాలి పీలుస్తాయి, స్టెరిలైజ్ చేసిన తిండి తింటాయి, జబ్బు తెచ్చే క్రిములేవీ వాటి దరిదాపుల్లోకి రాకుండా తరాల తరబడి కాపాడుతాం. ప్రయోగాలు ఒకే రకంగా రావాలంటే అది అవసరమే. కానీ పుట్టాక ఒక్క జలుబు కూడా ఎరగని జీవి రోగనిరోధక వ్యవస్థ ఎలా ఉంటుంది? 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించిన జవాబు ఏమిటంటే, పెద్ద వయసు ల్యాబ్ ఎలుక రోగనిరోధక వ్యవస్థ పెద్ద మనిషిది కన్నా అప్పుడే పుట్టిన బిడ్డ దానికి దగ్గరగా ఉంటుందని. పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న ఎలుకల్ని వీటితో కలిపి ఉంచితే కొన్ని ల్యాబ్ ఎలుకలు చనిపోయాయి, బతికినవాటిలో మాత్రం పెద్ద మనుషుల్లో కనిపించే జ్ఞాపక కణాలు, అంటే పాత క్రిముల్ని గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలు వచ్చాయి. నేనైతే ఆ వ్యాసం చదివి రెండు రోజులు సరిగా పనిచేయలేకపోయాను.

లండన్‌లో 2006 మార్చిలో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లకిచ్చారు, కోతుల్లో సురక్షితమని తేలిన మోతాదులో 500వ వంతు. రెండు గంటలు తిరక్కముందే ఆరుగురికీ తలనొప్పి, వణుకు, జ్వరం, తర్వాత ఒక్కొక్క అవయవం దెబ్బతినడం. ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఒకాయన వేళ్ళు పోయాయి. ఎందుకిలా జరిగిందని తవ్వితే, ఆ మందు పట్టుకునే సీడీ28 అనే అణువు మనిషి జ్ఞాపక టీ కణాల్లో ఒక రకం మీద ఉంటుంది, మకాక్ కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదు. కోతి మీద ఎంత జాగ్రత్తగా చేసినా ఈ ప్రమాదం కనిపించే వీలే లేదన్నమాట. 2019లో ఇంకో బృందం ల్యాబ్ ఎలుక పిండాల్ని అడవి ఎలుకల గర్భంలో పెట్టి, అడవి సూక్ష్మజీవులతో పుట్టిన ఎలుకల్ని పెంచింది. ఇదే తరహా మందు ఇస్తే మామూలు ల్యాబ్ ఎలుకల్లో మంటని అణిచే కణాలు పెరిగాయి, ఈ అడవి సూక్ష్మజీవుల ఎలుకల్లో మాత్రం మనుషుల్లో వచ్చినట్టే మంట రేగింది. రెండింటి జన్యువులూ ఒకటే. తేడా అంతా అవి ఏ క్రిముల మధ్య పుట్టి పెరిగాయన్నదే.

సెప్సిస్ గురించి, అంటే ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం అదుపు తప్పి తన అవయవాల్నే దెబ్బతీసుకోవడం గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీ దగ్గరకొచ్చే ప్రయోగాల్లో ఎలుకని ఎక్కువ బాధపెట్టేవాటిలో అదొకటి. ఎలుక పొట్ట కోసి, పెద్దపేగు మొదట్లో ముడివేసి, సూదితో చిల్లు పెట్టి, మళ్ళీ కుడతారు. ఆ ఎలుక వయసు రెండు మూడు నెలలు, అంటే అప్పుడే యవ్వనం. వేరే జబ్బేదీ ఉండదు. సెప్సిస్‌తో ఐసీయూలో ఉండే మనిషి ఎక్కువసార్లు వయసు మళ్ళినవాడు, షుగరో కిడ్నీ జబ్బో ముందే ఉన్నవాడు, సెలైన్, యాంటీబయాటిక్, ఒక్కోసారి వెంటిలేటర్ మీద ఉన్నవాడు. చాలా ఏళ్ళపాటు ఎన్నో ల్యాబుల్లో ఆ ఎలుకలకి యాంటీబయాటిక్ కూడా ఇవ్వకుండానే మందులు పరీక్షించారు. ఎండోటాక్సిన్ ఎక్కించే పద్ధతి ఇంకోటి. మనిషికి కిలో బరువుకి 2 నుంచి 4 నానోగ్రాములు చాలు, జ్వరమూ వణుకూ వస్తాయి. ఎలుక ప్రాణం తీయాలంటే లెక్క మిల్లీగ్రాముల్లోకి పోతుంది. కీళ్ళవాతంలో అంత పనిచేసిన టీఎన్ఎఫ్ మందులు ఇలాంటి ఎలుకల్ని సెప్సిస్ నుంచి కాపాడాయి, మనుషుల్ని కాపాడలేదు. 2013లో ఒక బృందం మనిషి జన్యువుల స్పందననీ ఎలుక స్పందననీ పోల్చి అసలు పోలికే లేదంది, కొన్నాళ్ళకి ఇంకో బృందం అవే లెక్కలు వేరే పద్ధతిలో చూసి బాగా పోలిక ఉందంది. నా ఉద్దేశంలో ఆ గొడవ అసలు ప్రశ్నకే దూరం. మొత్తంగా పోలుతుందా లేదా అని అడిగితే జవాబు ఎప్పుడూ రాదు. ఈ ఒక్క మందుకి, ఈ ఒక్క దారికి, ఈ దశలో పోలుతుందా అని అడగాలి.

దీనికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (రోగనిరోధక కణాలు మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొర మీదే దాడిచేసే జబ్బు) కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. మెదడు ప్రొటీన్ ఇచ్చి ఎలుకకి తెప్పించే ఆ జబ్బులో తెల్లకణాలు మెదడులోకి దూరకుండా అడ్డుకుంటే మేలు జరిగింది, 1992లో ఆ పని మొదలైంది, 2004కల్లా నటాలిజుమాబ్ అనే మందుగా మనుషులకి అందింది. అదే జబ్బులో టీఎన్ఎఫ్‌ని అడ్డుకుంటే కూడా ఎలుకలకి మేలే జరిగింది, మనుషుల్లో మాత్రం జబ్బు ఎక్కువైంది. ఎలుకలో తెప్పించిన జబ్బు ఒకటే, ఒక ప్రశ్నకి సరైన దారి చూపించింది, ఇంకో ప్రశ్నకి తప్పుదారి పట్టించింది. "ఈ మోడల్ అందరూ వాడుతున్నదే" అని దరఖాస్తులో ఒక వాక్యం రాస్తే మీరు ఒప్పుకుంటారు కదా, ఆ వాక్యంతో ఈ రెండింటిలో ఏది జరగబోతోందో ఎలా తెలుస్తుంది?

అంటురోగాల వాళ్ళు ఈ విషయంలో మాకన్నా నయం, క్రిమే వాళ్ళ చేత ఆలోచింపజేస్తుంది. కుష్టు క్రిమి గాజుపాత్రలో పెరగదు, చల్లటి చోటే ఇష్టపడుతుంది, అందుకే 1960లో ఎలుక అరికాల్లో, 1971లో ఒంటి వేడి మనకన్నా తక్కువుండే ఆర్మడిల్లోలో పెంచారు. మనిషి ఫ్లూ వైరస్‌ని 1933లో మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్లనే చిన్న జంతువుల సాయంతో, అవి మనలాగే తుమ్ముతాయి కూడా. క్షయలో కూడా చూడండి, మామూలుగా వాడే ఎలుకల ఊపిరితిత్తుల్లో మనిషిలోలాగా మధ్యలో కుళ్ళి జున్నులా మారే గడ్డలు రావు, మందు ఆ గడ్డ లోపలికి పోతుందా అన్నదే మీ ప్రశ్న అయితే ఆ ఎలుక చెప్పలేదు, అలాంటి గడ్డలొచ్చే వేరే జాతి ఎలుక ఉంది. కోవిడ్ మొదట్లో మామూలు ఎలుకలకి ఆ వైరస్ అంటుకోనే లేదు, కణంలోకి దూరడానికి అది పట్టుకునే ఏసీఈ2 అనే ప్రొటీన్ వాటిలో ఉన్నది దానికి సరిపడలేదు. మనిషి ఏసీఈ2 పెట్టిన ఎలుకలు 2007లోనే, కోవిడ్ కన్నా ముందొచ్చిన సార్స్ కోసం తయారై ఉండటం అదృష్టం. కానీ వాటిలో వైరస్ మెదడుకెక్కి చంపుతుంది. ఊపిరితిత్తుల జబ్బు తీవ్రత కొలవాలనుకుని ఎన్ని ఎలుకలు చనిపోయాయో లెక్కపెడితే, మనం లెక్కపెట్టింది వేరే జబ్బుని.

ఇక ఎలుక రోజువారీ బతుకు. ల్యాబుల్లో గది వేడి 20 నుంచి 24 డిగ్రీలు ఉంటుంది, అది మనకి హాయి. ఎలుకకి హాయిగా ఉండేది 30 దగ్గర. ఒంట్లో శక్తిలో చాలా భాగం చలి కాచుకోవడానికే ఖర్చుపెట్టే జీవి మీద మనం రోగనిరోధక శక్తి కొలుస్తున్నాం. 30 డిగ్రీల్లో పెట్టిన ఎలుకల్లో కణితులు నెమ్మదిగా పెరిగాయని, వాటితో పోరాడే టీ కణాలు ఎక్కువయ్యాయని 2013లో చూపించారు. ఎలుకని తోకపట్టి ఎత్తడం మేమందరం మొదటిరోజు నేర్చుకున్న పని. అలా ఎత్తితే అది భయపడుతుందని, ఒక గొట్టంలోకి రానిచ్చి ఎత్తినా దోసిట్లోకి తీసుకున్నా టెన్షన్ తగ్గుతుందని 2010లో తేలింది. నేను 2010 తర్వాత కూడా చాలా ఏళ్ళు తోకపట్టే ఎత్తాను, ఎవరూ వద్దనలేదు, నాకూ తోచలేదు. గొట్టం మొదలుపెట్టిన వారానికి నేను కేజ్ తీస్తే ఎలుకలు మూలకి పరిగెత్తడం మానేశాయి. భయంలో పుట్టే స్టెరాయిడ్ హార్మోన్ మంటని అణుస్తుందని తెలిసిన మేమే, మంట గురించి చేసే ప్రయోగంలో రోజూ ఆ భయాన్ని కలుపుతూ వచ్చాం.

ఇవన్నీ సైన్స్ ప్రశ్నలు, మా పని నైతికత వరకే అని మీలో కొందరంటారు, ఒక సభ్యుడు నాతో ముఖం మీదే అన్నారు. మీరు తూచేది ఏమిటండీ? ఒక పక్క జంతువు పడే బాధ, ఇంకో పక్క దానివల్ల వచ్చే ప్రయోజనం. రెండో పళ్ళెంలో ఏముందో చూడకుండా మొదటిదాన్నే చూస్తే తూకం ఎలా అవుతుంది? వీలైతే జంతువులు లేకుండా చేయండి, సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి అని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పింది 1959లో. వాళ్ళు చెప్పిన రెండోదాన్ని మీరు ఎక్కువగా ఎలా అమలు చేస్తున్నారంటే, గుంపుకి పన్నెండు అడిగితే ఆరుకి కుదిస్తారు. నాకు ఒకసారి అలాగే కుదించారు. ఆరుతో చేస్తే ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది, దాంతో అంతా మళ్ళీ మొదటినుంచి, ఈసారి పన్నెండుతో. గుంపుకి పన్నెండు కాస్తా పద్దెనిమిది అయ్యాయి. ఎన్ని కావాలో ఎలా లెక్కకట్టావు అని అడగండి, ఆ లెక్క తప్పయితే వెనక్కి పంపండి, లెక్క చూడకుండా సగం కోయకండి.

జంతువులతో చేసిన 271 పరిశోధన వ్యాసాల్ని 2009లో ఒక బృందం పరిశీలిస్తే, 87 శాతంలో ఏ జంతువు ఏ గుంపులోకి పోవాలో లాటరీ పద్ధతిలో పంచినట్టు లేదు, 86 శాతంలో ఫలితం చూసే మనిషికి ఏది ఏ గుంపో తెలియకుండా దాచినట్టు లేదు. ఆ తర్వాతే, జంతు ప్రయోగాల వ్యాసాల్లో ఏమేం రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు వచ్చాయి, 2020లో మళ్ళీ సవరించారు. కానీ వ్యాసం రాసేటప్పుడు చదివే మార్గదర్శకం ఆలస్యమైపోయినట్టే, అప్పటికి ఎలుకలు చనిపోయి ఉంటాయి. ప్రయోగానికి ముందు ఆపగలిగే చోట ఉన్నది మీరు. పోల్చే గుంపు ఒకే తల్లి పిల్లలా అని అడగండి. కేజ్‌లు ఎలా పంచుతున్నావు, వాటి పేగుల్లో ఏముందో ఒకసారి చూశావా, ఎవరు ఎత్తుతారు, ఎలా ఎత్తుతారు, జన్యువు తీసేసిన ఎలుకలో పక్క జన్యువు కూడా పాడై లేదని ఎలా తెలుసు అని అడగండి. ఈ చివరిది చిన్న విషయం అనుకోకండి. 1995లో తయారైన, కాస్పేజ్-1 అనే జన్యువు లేని ఎలుకలు ఎండోటాక్సిన్‌ని తట్టుకుంటే ఆ గొప్ప కాస్పేజ్-1దే అనుకున్నారు. ఆ ఎలుకల్లో పక్కనే ఉన్న కాస్పేజ్-11 కూడా పాడైపోయి ఉందని, అసలు కారణం అదేనని తెలిసేసరికి 2011 వచ్చింది. పదహారేళ్ళు.

అనుమతి ఇచ్చాక మీ పని అయిపోయిందనుకోకండి. ప్రతి ప్రయోగం ముగిశాక ఏమైందో ఒక పేజీ రాయించండి, వ్యాసం అచ్చయినా కాకపోయినా. తేడా రాలేదు అన్నది కూడా ఫలితమే, ఇంకెక్కడో ఇంకొకరు అదే జన్యువు మీద అదే పొడి నీళ్ళలో కలపకుండా ఆపగలిగే ఫలితం. ఆ పేజీలు ఎవరైనా వెతికి చదువుకునేలా ఒకచోట పెట్టండి. ఆ పేజీ ఇవ్వనివాళ్ళకి తర్వాతి అనుమతి ఆపండి, మొదట్లో నాలాంటివాళ్ళందరూ విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

నా మూడు బ్యాచుల బరువుల పట్టిక ఇప్పటికీ నా నోట్‌బుక్‌లో ఉంది, రోజువారీగా, ఒక్కొక్క ఎలుక చెవి నంబరుతో సహా. మీరు అలాంటి చోటు ఒకటి తెరిచిన రోజు మొదట పంపేది అదే.

ఇట్లు,
పేగువాపు ఎలుకలతో పదకొండేళ్ళు పనిచేసిన ఒక పరిశోధకురాలు